పరీక్షల చదువుకు ఆంకీ: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

మూడు నెలల కిందట చదివి, అర్థం చేసుకుని, చిన్న పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్న పాఠాన్ని పెద్ద పరీక్ష ముందు తెరిస్తే ఎప్పుడూ చూడనట్టే ఉంటుంది. హైస్కూల్లో చదివే పిల్లలందరికీ తెలిసిన బాధే ఇది. చదివిన రోజుకూ పరీక్ష రోజుకూ మధ్య ఆ పాఠాన్ని పుస్తకం మూసి ఒక్కసారైనా గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం పడకపోవడం వల్ల అలా అవుతుంది. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల (ఒకవైపు ప్రశ్న, వెనుక జవాబు ఉండే కార్డుల) ప్రోగ్రాం ఈ ఒక్క లోటును పూడుస్తుంది, చాలా బాగా పూడుస్తుంది. మిగతా లోట్ల జోలికి పోదు. ఆ హద్దు ఎక్కడుందో తెలియకుండా మొదలుపెట్టినవాళ్ళు రెండో వారానికే యాప్ తీసేస్తారు.

ఆంకీ అంటే జపనీస్ భాషలో కంఠస్థం చేయడం. 2006లో డేమియన్ ఎల్మెస్ దీన్ని విడుదల చేశాడు. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లకు వలంటీర్లు తయారుచేసే ఆంకీడ్రాయిడ్ కూడా ఉచితమే. ఐఫోన్‌లో వాడే ఆంకీమొబైల్‌కు మాత్రం డబ్బు కట్టాలి, అదీ ఒక్కసారే. కొనడం కుదరకపోతే ఆంకీవెబ్ సైటును ఫోన్ బ్రౌజర్‌లో తెరిచి రోజువారీ రివ్యూలు చేసుకోవచ్చు. యాప్ స్టోర్లలో ఇలాంటి పేర్లతోనే వేరేవాళ్ళ యాప్‌లు కనిపిస్తాయి. నెలనెలా చందా అడిగితే అది అసలు ఆంకీ కాదని గుర్తుపెట్టుకోండి.

పని తీరు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ముందు ప్రశ్న కనిపిస్తుంది. జవాబు మనసులో అనుకున్నాక కార్డు తిప్పుతారు. ఎంత గుర్తుందో చెబుతూ నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతారు: ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ. గుర్తున్న కార్డు కొన్ని రోజులకు, ఆ తర్వాత కొన్ని వారాలకు, తర్వాత నెలలకు తిరిగొస్తుంది. మర్చిపోయిన కార్డు మళ్ళీ మొదటికి వస్తుంది. ఎప్పుడు చూపించాలో లెక్కగట్టే పద్ధతి మొదట్లో పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన ఎస్ఎం-2 ఆధారంగా ఉండేది. 2023 నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతి కూడా ఆంకీలోనే ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటిరోజే డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్ చేసుకోవడం మంచిది. ఒకే రకంగా గుర్తుండడానికి పాత పద్ధతి కంటే తక్కువ రివ్యూలు చాలు.

ఇంత తంటా ఎందుకు, పాఠాన్ని నాలుగుసార్లు చదివితే సరిపోదా అనుకునేవాళ్ళు 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ చదివింది. రెండో గుంపు చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకున్నవాళ్ళు స్పష్టంగా ముందున్నారు. రాత్రంతా చదివి పొద్దున్నే రాసే పరీక్షలో మార్కులు రావడం, అదే పాఠం నెల తర్వాత ఖాళీగా అనిపించడం, రెండూ ఇందులోనే ఉన్నాయి. పైగా మళ్ళీ చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. కార్డు ముందు కూర్చుంటే తెలియనిది వెంటనే బయటపడుతుంది. ఆంకీ మొదట్లో ఎవరికీ నచ్చకపోవడానికి ఇదో పెద్ద కారణం.

కార్డు రాయడమే అసలు పని

ఆంకీ ఫలించేదీ ఫలించనిదీ సెట్టింగుల కంటే కార్డుల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. చాలామంది రాసే మొదటి కార్డు ఇలా ఉంటుంది. ముందు: కిరణజన్య సంయోగక్రియను వివరించండి. వెనుక: పుస్తకంలోంచి ఎత్తిన పన్నెండు లైన్లు. ఈ కార్డు పనిచేయదు. పన్నెండు లైన్లలో ఎనిమిది గుర్తొస్తే ఏ బటన్ నొక్కాలి? గుడ్ నొక్కితే మిగతా నాలుగూ ఎప్పటికీ రావు. ఎగైన్ నొక్కితే వచ్చిన ఎనిమిదిని రోజూ అప్పజెప్పాలి. వారం తిరిగేసరికి ఆ కార్డు కనిపిస్తేనే విసుగు పుడుతుంది.

అదే పాఠాన్ని విడగొట్టి చూడండి. కిరణజన్య సంయోగక్రియ ఏ కణాంగంలో జరుగుతుంది? హరితరేణువులో. కాంతి చర్య జరిగే చోటు? థైలకాయిడ్ పొరలు. విడుదలయ్యే ఆక్సిజన్ ఏ పదార్థం నుంచి వస్తుంది? నీటి నుంచి. (కార్బన్ డయాక్సైడ్ నుంచి అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది, అందుకే దీనికి విడిగా కార్డు ఉండాలి.) కాంతి చర్యలో తయారై తర్వాతి దశకు అందేవి ఏవి? ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్. నిష్కాంతి చర్య ఎక్కడ? స్ట్రోమాలో. చివరగా ఒక 'ఎందుకు' కార్డు: నిష్కాంతి చర్యకు నేరుగా వెలుతురు అక్కర్లేకపోయినా చీకట్లో అది ఎక్కువసేపు ఎందుకు సాగదు? ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ వెలుతురులోనే తయారవుతాయి కాబట్టి. ఆరు కార్డులు, ఒక్కొక్కటి ఐదారు సెకన్ల పని. ఏది తెలియదో అది మాత్రమే మళ్ళీ వస్తుంది. పెద్ద ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఈ ఆరే ఆరు వాక్యాలవుతాయి.

ప్రతి పాఠానికీ అలాంటి 'ఎందుకు' కార్డు ఒకటో రెండో ఉండి తీరాలి. అవి లేకపోతే మాటలు గుర్తుంటాయి, పాఠం గుర్తుండదు. అర్థం కాని విషయాన్ని కార్డుగా రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు. దాన్ని పదేపదే మర్చిపోతారు. ఒకే కార్డును ఎనిమిది సార్లు మర్చిపోతే ఆంకీ దానికి 'లీచ్' అనే ట్యాగ్ తగిలిస్తుంది. లీచ్ అంటే జలగ, సమయాన్ని పీల్చేస్తుందని ఆ పేరు పెట్టారు. ఆ ట్యాగ్ కనిపిస్తే ఇంకో పదిసార్లు బట్టీ పట్టాలని చూడకండి. పుస్తకం తెరిచి ఆ చోటు మళ్ళీ చదివి, కార్డును తిరగరాయండి.

లీచ్‌లలో ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి కలగాపులగమయ్యే జంటలే. సమవిభజన, క్షయకరణ విభజన. కుంభాకార, పుటాకార కటకాలు. 1914 జూన్ 28న సరాయెవోలో ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య, 1919 జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం. వీటిని రెండు విడి కార్డులుగా ఎన్నిసార్లు తిప్పినా ఒకదాని జవాబు ఇంకోదానికి చెబుతూనే ఉంటారు. మూడో కార్డు రాయండి, రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా అడిగేది: 'ఏ విభజనలో పిల్లకణాలు నాలుగు, క్రోమోజోములు సగం?' తేదీల విషయంలో రెండూ ఒకే రోజు, మధ్య దూరం సరిగ్గా ఐదేళ్ళు అన్నదే కార్డుగా పెడితే అప్పటిదాకా గందరగోళం చేసిన పోలికే గుర్తుపెట్టుకునే ఆధారం అవుతుంది.

కార్డు రకాల్లో హైస్కూలు చదువుకు మూడు చాలు. మామూలు ప్రశ్న–జవాబు ఒకటి. వాక్యంలో ఒక మాటను దాచే క్లోజ్ రకం రెండోది. కంప్యూటర్లో మాటను సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, సి మీటలు కలిపి నొక్కితే ఖాళీ తయారవుతుంది. వాక్యం మరీ పొడవైతే ఖాళీ చుట్టూ ఉన్న మాటల ఆకారం చూసి జవాబు చెప్పేస్తారు, విషయం తెలియకుండానే. అందుకే క్లోజ్ వాక్యం ఒక లైను దాటకూడదు. మూడోది బొమ్మల మీద పేర్లు దాచే ఇమేజ్ అక్లూజన్. గుండె, కన్ను, మ్యాపులు, పరికరాల అమరికలకు దీన్ని మించింది లేదు. బొమ్మ పెట్టి, ప్రతి పేరు మీదా ఒక డబ్బా గీస్తే ఒక్కో డబ్బాకు ఒక్కో కార్డు వస్తుంది. అందులో 'అన్నీ దాచి ఒకటి అడుగు' అనే పద్ధతే ఎంచుకోండి. రెండో పద్ధతిలో మిగతా పేర్లు కనిపిస్తుంటాయి, మిగిలిన పేరేదో ఊహించడం తేలికైపోతుంది. రెండువైపులా తిరిగే కార్డు రకం మరో భాషలోని పదాలకు బాగుంటుంది, నిర్వచనాలకు వద్దు.

వేరేవాళ్ళు తయారుచేసి పెట్టిన డెక్‌లు వేలకొద్దీ దొరుకుతాయి. భాషా పదాలకు, దేశాలు–రాజధానులకు తీసుకోవచ్చు. పాఠ్యాంశాలకు మాత్రం వద్దనే చెబుతాం. సిలబస్ కలవదు, వాడిన పదాలు కలవవు, పైగా పాఠాన్ని విడగొట్టే పనిలోనే సగం చదువు అయిపోతుంది. ఆ సగం వేరేవాళ్ళ డెక్‌లో దొరకదు. అలాగని కార్డులకు రంగులద్దుతూ రెండు గంటలు గడపడమూ తప్పే. ఒక పాఠానికి 15 నుంచి 25 కార్డులు, అరగంట. అంతకు మించితే పుస్తకాన్ని మొత్తం ఎక్కించేస్తున్నారని అర్థం.

సెట్టింగులు, లెక్కలు

ఆంకీ తెర పాతకాలపుదిలా ఉంటుంది. ఆప్షన్ల పేజీ చూస్తే భయమేస్తుంది. నిజంగా తెలుసుకోవాల్సినవి ఐదే.

రోజుకు కొత్త కార్డులు: వచ్చేటప్పుడు 20 ఉంటుంది. దాన్ని 10 లేదా 15కు తగ్గించండి. కొత్త కార్డు ఈరోజు పది సెకన్లు తీసుకుని ఊరుకోదు, వచ్చే వారాల్లో ఎన్నోసార్లు తిరిగొస్తుంది. మోటు లెక్కన, రోజుకు ఎన్ని కొత్తవి పెడితే కొన్ని వారాల్లో దానికి ఏడు నుంచి పది రెట్ల రివ్యూలు రోజూ ఉంటాయి. 10 పెడితే దాదాపు 70–100, అంటే 15 నిమిషాల పని. 20 పెడితే అరగంట. మొదటి వారం ఉత్సాహంలో 50 పెట్టినవాళ్ళ గతి మూడో వారంలో తెలుస్తుంది.

డిజైర్డ్ రిటెన్షన్ (తిరిగొచ్చిన కార్డుల్లో ఎన్ని గుర్తుండాలన్న లక్ష్యం): 90 శాతం ఉంటుంది, అలాగే ఉంచండి. 97కు పెంచితే అంతా గుర్తుంటుందన్న ఆశ సహజమే కానీ పై చివర్లో ఒక్కో శాతానికీ రివ్యూలు విపరీతంగా పెరుగుతాయి. ఆ సమయం పాత ప్రశ్నపత్రాలు రాయడానికి వాడితే మేలు.

మ్యాగ్జిమమ్ ఇంటర్వల్ (కార్డు తిరిగి రావడానికి పట్టే గరిష్ఠ వ్యవధి): మొదట 36,500 రోజులు ఉంటుంది, అంటే నూరేళ్ళు. ఆంకీకి పరీక్ష తేదీ తెలియదు, అడగదు కూడా. బాగా వచ్చిన కార్డును ఐదు నెలల తర్వాతకు తోసేయొచ్చు, పరీక్ష నాలుగు నెలల్లో ఉన్నా సరే. 45 రోజులకు తగ్గిస్తే ప్రతి కార్డూ చివరి నెలన్నరలో ఒక్కసారైనా కళ్ళపడుతుంది. రివ్యూలు కొంచెం పెరుగుతాయి, భరించదగ్గవే. ఈ మార్పు ప్రతి కార్డుకూ దాని తర్వాతి రివ్యూ నుంచే వర్తిస్తుంది కాబట్టి ముందుగానే చేసి పెట్టుకోవాలి.

లర్నింగ్ స్టెప్స్ (కొత్త కార్డు మొదట్లో తిరిగొచ్చే వ్యవధులు) 1 నిమిషం, 10 నిమిషాలు అని ఉంటాయి, కదపనక్కర్లేదు. ఎఫ్ఎస్ఆర్ఎస్ కింద ఆప్టిమైజ్ అనే బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే మీ మరుపు తీరుకు తగ్గట్టు లెక్క సరిచేసుకుంటుంది. ఇంకో చిన్న సంగతి: ఆంకీకి కొత్త రోజు అర్ధరాత్రి మొదలవదు, తెల్లవారుజామున 4 గంటలకు మొదలవుతుంది. రాత్రి ఒంటిగంటకు చేసిన రివ్యూలు ముందురోజు ఖాతాలోనే పడతాయి.

సబ్జెక్టుకు ఒక డెక్ చాలు. పాఠానికో డెక్ పెడితే ప్రశ్న చూడకముందే ఏ పాఠమో తెలిసిపోతుంది, పరీక్షలో ఆ సాయం ఉండదు. పాఠం పేరును ట్యాగ్‌గా పెట్టుకుంటే కావాల్సినప్పుడు వెతుక్కోవచ్చు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానిలో 12 పాఠాలు, పాఠానికి 20 కార్డులు అనుకుంటే 1,200 కార్డులు. అన్ని సబ్జెక్టులకూ కలిపి రోజుకు 15 కొత్తవి చొప్పున 80 రోజులు. పరీక్షకు మూడు వారాల ముందే కొత్తవి ఆపేయాలి, ఎందుకంటే చివర్లో చేరిన కార్డులకు నిలదొక్కుకునే వ్యవధి ఉండదు. మొత్తం వంద రోజులు. నెల రోజులే మిగిలితే అంతా ఎక్కించాలని చూడకండి. పాత పరీక్షల్లో మార్కులు పోయిన చోట్ల నుంచి 300 కార్డులు తీసి, రోజుకు 20 చొప్పున 15 రోజుల్లో ముగించండి. వారమే ఉంటే ఆంకీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఆ వారం ప్రశ్నపత్రాలు రాయడానికి వాడుకోండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

హార్డ్ బటన్ దగ్గర. జవాబు గుర్తు రాలేదు, తిప్పి చూస్తే 'అవును కదా, తెలుసు' అనిపించింది, ఎగైన్ నొక్కడానికి మనసొప్పక హార్డ్ నొక్కారు. హార్డ్ అంటే కష్టపడి అయినా గుర్తొచ్చింది అని ఆంకీ లెక్క. మర్చిపోయినప్పుడల్లా హార్డ్ నొక్కుతుంటే, మీకు బాగా గుర్తుంటోందని లెక్కవేసి ఎఫ్ఎస్ఆర్ఎస్ అన్ని కార్డుల వ్యవధీ పెంచుకుంటూ పోతుంది. పరీక్ష నాటికి ఏదీ సరిగ్గా గుర్తుండదు, కారణమూ అంతుపట్టదు. మొదటి నెలలు ఎగైన్, గుడ్ రెండే వాడితే ఈ చిక్కే రాదు.

జవాబు అనుకోకముందే కార్డు తిప్పేయడం రెండో తప్పు. స్పేస్ మీట నొక్కుతూ పోతే వంద కార్డులు ఐదు నిమిషాల్లో అయిపోతాయి, చదివినట్టే ఉంటుంది. సూత్రాలు, సమీకరణాలు, స్పెల్లింగులు, బొమ్మలు చిత్తు కాగితం మీద రాశాకే తిప్పాలి. మిగతావి పెదవి కదిపి చెప్పుకోవాలి. ఆంకీడ్రాయిడ్ నెట్ లేకుండానే పనిచేస్తుంది కాబట్టి రివ్యూల పావుగంట ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి.

జ్వరమో, పెళ్ళో, ప్రయాణమో వచ్చి పది రోజులు మానేస్తే 600 కార్డులు పేరుకుపోతాయి. ఆ అంకె చూసే చాలామంది శాశ్వతంగా మానేస్తారు. ఒక్కరోజులో తీర్చాలని కూర్చోవద్దు. కొత్త కార్డులు సున్నా చేయండి. రోజువారీ రివ్యూ పరిమితి మీ మామూలు లెక్క కంటే 40, 50 ఎక్కువ పెట్టండి. రివ్యూల వరుసను 'డిసెండింగ్ రిట్రీవబిలిటీ'కి మార్చండి, ఇంకా గుర్తుండే అవకాశం ఎక్కువున్నవి ముందు వస్తాయి, అవి చేజారకముందే దక్కుతాయి. రెండు వారాల్లో కుప్ప తరిగిపోతుంది.

కంప్యూటర్, ఫోన్ రెండిట్లో వాడేవాళ్ళకు మొదటి సింక్ (రెండిట్లోని కార్డులను ఆంకీవెబ్ ద్వారా ఒకటి చేయడం) దగ్గర గండం. ఇటు ఉన్నది అటు పంపాలా, అటు ఉన్నది ఇటు తెచ్చుకోవాలా అని ఆంకీ అడుగుతుంది. ఖాళీగా ఉన్న ఫోన్ నుంచి అప్‌లోడ్ నొక్కితే సర్వర్‌లో ఉన్న కార్డులు తుడిచిపెట్టుకుపోతాయి. కార్డులున్న పరికరం నుంచి అప్‌లోడ్, ఖాళీ పరికరంలో డౌన్‌లోడ్. పొరపాటు జరిగినా కంప్యూటర్‌లో ఆంకీ తనంతట తాను బ్యాకప్‌లు దాస్తుంది, ఫైల్ మెనూలో స్విచ్ ప్రొఫైల్‌కు వెళ్ళి ఓపెన్ బ్యాకప్ నొక్కితే తిరిగి తెచ్చుకోవచ్చు.

లెక్కలు, వ్యాసాలు, ప్రాజెక్టులు

లెక్కల్లో ఆంకీ పాత్ర చిన్నది. సూత్రాలు, నిర్వచనాలు, 'విచక్షణి రుణాత్మకమైతే వర్గ సమీకరణానికి వాస్తవ మూలాలు ఎన్ని?' లాంటివి కార్డులవుతాయి. మొత్తం లెక్కను కార్డుగా పెడితే మూడోసారికి జవాబు అంకె గుర్తుంటుంది, చేసే తీరు ఉండదు. దానికి బదులు లెక్క ఇచ్చి మొదటి అడుగు మాత్రమే అడగండి. ఇంకా విలువైనవి తప్పుల కార్డులు. దిద్ది ఇచ్చిన పేపర్లో మార్కు పోయిన ప్రతిచోటా ఒక కార్డు రాయండి. మైనస్ మూడును బ్రాకెట్లో పెట్టి వర్గం చేస్తే 9, బ్రాకెట్ లేకుండా రాస్తే మైనస్ 9. ఇలాంటి ముప్పై కార్డులు ఏడాదిలో పోగవుతాయి, సబ్జెక్టు మొత్తంలో వాటంత లాభం ఇచ్చేవి ఉండవు. ఆ తర్వాత కాగితం మీద లెక్కలు చేయాల్సిందే, వేరే దారి లేదు.

వ్యాసరూప జవాబులకు అస్థిపంజరం వరకు ఇస్తుంది: కారణాలు, తేదీలు, పేర్లు, ఒక్కో వాదనకు ఒక్కో ఉదాహరణ. వాటిని వరుసగా పేర్చి, నలభై నిమిషాల్లో పూర్తిచేసే నేర్పు గడియారం పెట్టుకుని రాస్తేనే వస్తుంది. ప్రాజెక్టులు, రికార్డులు, అసైన్‌మెంట్ల గడువులకు ఆంకీ ఎందుకూ పనికిరాదు, వాటికి గోడ మీద క్యాలెండరే దిక్కు. ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్ష ఉంటే మాత్రం అడగగలిగే ప్రశ్నలు ఓ ఇరవై రాసుకోండి.

ఫోన్ అందుబాటులో లేనివాళ్ళు, ఇవ్వడం ఇష్టంలేని తల్లిదండ్రులు కాగితం కార్డులతో ఇదే చేయొచ్చు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పెట్టె పద్ధతి అది. డబ్బాలో ఐదు అరలు. కొత్త కార్డు మొదటి అరలో. సరిగ్గా చెబితే తర్వాతి అరకు, తప్పితే తిరిగి మొదటి అరకు. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకు, ఐదోది నెలకు చూడాలి. మూడు, నాలుగు వందల కార్డుల వరకు హాయిగా సాగుతుంది. వెయ్యి దాటితే మోయలేరు, అక్కడ ఆంకీదే గెలుపు.

చివరి మూడు వారాల సంగతి. కొత్తవి సున్నా. పొద్దున రివ్యూలు, మిగతా సమయమంతా ప్రశ్నపత్రాలు. పరీక్షకు రెండు రోజుల ముందు కస్టమ్ స్టడీలో 'మర్చిపోయిన కార్డులు' ఎంచుకుని గడిచిన పది రోజుల్లో తప్పినవి ఒకసారి తిప్పేయండి. ఒక సబ్జెక్టు పరీక్ష అయిపోగానే దాని కార్డులను ఆంకీలోని బ్రౌజ్ తెరలో ఎంచుకుని సస్పెండ్ చేస్తే (తాత్కాలికంగా ఆపేస్తే) ఆ నిమిషాలు మిగతా సబ్జెక్టులకు దక్కుతాయి. డిలీట్ చేయకండి. సైన్సు, లెక్కలు పై తరగతిలో ఇక్కడి నుంచే మొదలవుతాయి, అప్పుడు సస్పెండ్ తీసేస్తే సరిపోతుంది.